బాపు సామాను, అమ్మ అడిగిన గది

మా బాపు యూనివర్సిటీ వర్క్‌షాపులో టెక్నీషియన్‌గా చేరి అక్కడే రిటైరయ్యాడు. సైన్సు డిపార్ట్‌మెంట్లలో పరికరాలు చెడిపోతే బాగుచేయడం ఆయన పని. ఇక బాగుకావని తేలినవాటిని కండెమ్ చేసి, వేలంలో తుక్కు కింద అమ్మేవారు. ఆ తుక్కులో కొంత ఎప్పుడూ మా ఇంటికే వచ్చేది. క్యాంపస్‌లో మాకిచ్చిన క్వార్టర్ పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. స్కూటర్ పెట్టుకోవడానికని కట్టింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ స్కూటర్ మాత్రం ఎండకీ వానకీ బయటే ఉండేది. షెడ్డు నిండా మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, గాజు గొట్టాలు, ముల్లు కదలని మీటర్లు, సొరుగులు లేని బల్లలు, బల్లలు లేని సొరుగులు.

ఈ అలవాటు ఆయనకు మా తాత నుంచి వచ్చింది. తాత రైతు. ఊళ్లో బోరు మోటారు కాలిపోతే టౌనుకు మోసుకెళ్లాలి, అక్కడ ఫలానా బోల్టు లేదంటే మళ్లీ ఇంకోరోజు వెళ్లాలి, ఈలోపు మడి ఎండిపోతుంది. అందుకని పాత మోటార్ల నుంచి ఊడదీసిన ప్రతి బోల్టూ, ప్రతి వాషరూ దాచేవాడు. చివరికి బోరే ఎండిపోయింది. తాత వ్యవసాయం వదిలేసి మా క్వార్టర్‌కు వచ్చేశాడు. వచ్చేటప్పుడు ఒక బట్టల మూట, మూతి తీగతో కట్టిన ఒక యూరియా బస్తా తెచ్చుకున్నాడు. బస్తా దింపడానికి ఆటో అతను, బాపు ఇద్దరూ పట్టాల్సి వచ్చింది.

"నేను కందులనుకున్న," అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

విప్పితే అంతా ఇనుము. తాతా బాపూ దాన్ని వసారాలో కుమ్మరించి, ఎదురెదురుగా కూర్చుని, ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మా అన్నకు షెడ్డంటే పడేది కాదు. బడి నుంచి రాగానే గ్రౌండుకు పారిపోయేవాడు. నేను మాత్రం బాపు పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేదాన్ని. టంకం కరిగేటప్పుడు వచ్చే పొగ వాసన నాకు ఇష్టం. టేబుల్ ఫ్యాను స్విచ్చి మార్చడం నేను సొంతంగా చేసిన మొదటి పని. వైరు తగిలి షాక్ కొడితే కెవ్వుమన్నాను. బాపు తలెత్తి చూశాడు.

"కొట్టిందా?"

"కొట్టింది."

"ఏడ పట్టుకున్నవ్?"

చూపించాను. "ఆడ పట్టుకుంటే కొడ్తది మల్ల," అని, ప్లగ్గు పీకిన తర్వాతే ఏదైనా ముట్టుకోవాలని చెప్పి, మళ్లీ తన పనిలో పడ్డాడు. ఓదార్చలేదు. నాకు అది అవమానంగా అనిపించలేదు, పెద్దదాన్నయ్యాననిపించింది.

పెన్నుల స్ప్రింగులు, పౌడరు డబ్బాలు, చీరల అట్టపెట్టెలు నేనూ దాచడం మొదలుపెట్టాను. అమ్మ నా మంచం కింద ఊడుస్తూ అవి చూసి, "ఒక్కడు సాలడన్నట్టు ఇంకొకలు తయారైన్రు," అంది. కోపంగా కాదు. వంటింట్లో పొంగిన పాల గురించి చెప్పినట్టు చెప్పింది.

తాత పోయాక బస్తా మాతోనే ఉండిపోయింది. బాపు రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. క్యాంపస్‌ను ఆనుకునే ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో అంతకుముందే రెండు గదుల ఇల్లొకటి కొన్నాడు. ఇంటి సామాను ఒక్క ట్రాలీ ఆటోలో సరిపోయింది. షెడ్డు సామానుకు ఆటో రోజంతా తిరుగుతూనే ఉంది. అన్న ఫోన్ చేసి, "పాత సామాను కొనేటోన్ని పంపిస్త, తూకం ఏసి తీస్కపోతడు," అన్నాడు. బాపు ఫోన్ నా చేతికిచ్చాడు.

"లోపలి రూముల పెడ్దం. తాత్కాలికమే," అని అమ్మతో అన్నాడు. ఆ తాత్కాలికం ఏళ్ల తరబడి సాగింది. ముందు గదిలోనే మంచం, టీవీ, వంటసామాన్ల అలమర. చుట్టాలొస్తే మంచం మీదే కూర్చోవాలి. లోపలి గదిలో కిటికీ ఉందన్న సంగతి కూడా అందరం మరిచిపోయాం.

ఈలోపు నేను క్యాంపస్ లైబ్రరీలో ఉద్యోగంలో చేరాను. అక్కడే చదువుకున్న కోస్తా అబ్బాయిని పెళ్లి చేసుకుని, తార్నాకలో వాళ్ల పాత ఇంటికి వచ్చాను. కింద మేము, పైన అద్దెకు ఇద్దరు కోచింగ్ అమ్మాయిలు. ఇంటి ముందు షట్టరున్న గ్యారేజీ. మాకు కారు లేదు. మా ఆయన మెట్రోలో వెళ్తాడు. ఎప్పటికైనా కారు కొనాలని గ్యారేజీని మాత్రం నెలకోసారి కడిగించేవాడు.

గత ఎండాకాలం అమ్మ లోపలి గదిలోకి బియ్యం డబ్బా కోసం వెళ్లింది. గుమ్మం నుంచి డబ్బా దాకా ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి వదిలాడు బాపు. ఆ దారిలోకి ఒక ట్రాన్స్‌ఫార్మర్ మూల పొడుచుకొచ్చి ఉంది. కాలికి తగిలి అమ్మ పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది.

నేను లైబ్రరీ నుంచి ఆస్పత్రికి వెళ్లేసరికి పిండికట్టు వేసేశారు. అమ్మ బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది. బాపు కొంచెం దూరంలో మందుల కవరు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను మీ ఇంటికొస్త," అంది అమ్మ నాతో.

"రా అమ్మా. బాపు కూడ వస్తడు."

"ఆయనకు పనున్నది." అప్పుడు బాపు వైపు తిరిగింది. "ఆ రూము ఖాళీ చెయ్యి. చేసినంక ఫోన్ చెయ్యి, వస్త."

"కట్టు ఇప్పేలోపల చేస్త తియ్యి," అన్నాడు బాపు.

"కట్టుతోని సంబంధం లేదు. రూముతోనే."

అమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాపుకు సులువయ్యేది. ఆయనకు అరుపులు పట్టవు. ఈ మాట పట్టింది.

తార్నాకలో ఉన్నన్ని రోజులూ అమ్మకు తల దువ్వడం నా పని. ఒక మధ్యాహ్నం జడ వేస్తుంటే, రూము ఖాళీ అయితే ఏం పెట్టుకుంటావని అడిగాను. అలమర కొనిద్దామనో, దివాన్ వేయిద్దామనో నా ఆలోచన.

"ఏం పెట్ట," అంది.

"ఏం పెట్టవా?"

"పెండ్లయిన కాంచి చూస్తున్న. ఊడ్వాలంటే ముందుగాల ఏదో ఒకటి జరపాలె. మల్ల ఆడనే పెట్టాలె. ఈ గోడ కాంచి ఆ గోడ దాక ఏదీ జరపకుంట ఒక్కసారి ఊడ్వాలనున్నది నాకు. గంతే."

నేను జడ అల్లడం ఆపాను. ఇన్నేళ్లలో అమ్మ ఏదైనా కావాలని అడిగినట్టు నాకు గుర్తులేదు. అడిగింది ఒక వస్తువు కూడా కాదు.

మర్నాడు అమ్మ దువ్వెన వెతుక్కుంటూ మా రెండో గదిలో బీరువా సొరుగు లాగింది. లోపల చార్జర్లు, ఇయర్‌ఫోన్ల వైర్లు, కళ్లజోడు పెట్టెలు, రిమోట్లు. కింది సొరుగులో ఆన్‌లైన్‌లో వచ్చిన డబ్బాల్లోని మంచి డబ్బాలు, ఒకదాంట్లో ఒకటి పెట్టి.

"గివన్ని ఎవలియి?"

"నావే."

ఒక చార్జరు ఎత్తి చూపించింది. "ఈ ఫోన్ ఉన్నదా?"

"లేదు."

సొరుగు మూసింది. గదంతా ఒకసారి చూసింది. గోడవార విప్పి పెట్టిన కూలర్, రెండు మిక్సీలు, బాపు ఇచ్చిన పాత స్టెబిలైజరు, నేనెప్పుడో బాగుచేద్దామని పెట్టుకున్న కుట్టుమిషను.

"నీ బిడ్డ ఏడ పండుకుంటది?"

మా అమ్మాయి అప్పటికి ఎనిమిదో తరగతి. మా గదిలోనే, మా మంచం పక్కన మడతమంచం మీద పడుకునేది. ఆ గది తనదే, నా సామాను సర్దగానే ఇచ్చేస్తానని చాలాకాలంగా చెబుతున్నాను. అమ్మ దువ్వెన వెతుక్కుంటూ పక్క గదిలోకి వెళ్లిపోయింది.

బాపు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. నాకే చేసేవాడు. "మీ అమ్మ తిన్నదా? చెయ్యి గుంజుతున్నదా?" పక్కనుంచి అమ్మ, "రూము సంగతి అడుగు," అనేది. "నడుస్తున్నది," అనేవాడు బాపు.

ఆ ఆదివారం వెళ్లి చూస్తే ఏమీ నడవట్లేదు. ఇంటి ముందు ఎన్నికలప్పటి ఫ్లెక్సీ ఒకటి తిరగేసి పరిచాడు. దాని మీద మూడు కుప్పలు. ఉంచేవి, ఆలోచించేవి, పారేసేవి. పారేసే కుప్పలో పగిలిన బకెట్టు, పాత క్యాలెండర్ ఉన్నాయి. మిగతావి మొదటి రెంటిలో ఉన్నాయి.

ఒక మోటారు ఎత్తి చూపించాను. "ఇది దేనికి బాపూ?"

"సెంట్రిఫ్యూజ్‌ది. బయోకెమిస్ట్రీల ఉండె. దీని బేరింగులు గిప్పుడు దొరకయి."

"ఏ మిషన్‌కు పెడ్తవ్?"

"ఏదన్న మిషన్‌కు."

"ఇప్పటిదాంక ఎవరన్న అడిగిన్రా?"

"అడగలే." మోటారు నా చేతిలోంచి తీసుకుని, "అడుగుతే లేదని చెప్పాల్నా?" అన్నాడు.

అప్పుడు నాకు కొంత అర్థమైంది. వర్క్‌షాపులో బాపు దగ్గరికి ఎవరు ఏది లేదని వచ్చినా, ఎక్కడో ఒకచోట వెతికి తెచ్చి పెట్టేవాడు. ఆయన ఉద్యోగమే అది. ఉద్యోగం అయిపోయిందిగానీ ఎవరో వస్తారని ఆయన ఇంకా సిద్ధంగానే ఉన్నాడు.

అర్థమైంది కదా అని నేను గట్టిగా నిలబడ్డానా అంటే అదీ లేదు. ఆ తర్వాత పారేసే కుప్పలోకి ఆయన మనసొప్పక వేసిన ఒక డబ్బాలో చిన్న చిన్న ఇత్తడి నాబులు కనబడ్డాయి. పాత రేడియోలవో, మీటర్లవో. ఆయన లోపలికెళ్లినప్పుడు వాటిని తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఆయన గుమ్మంలోంచి చూశాడు. వచ్చి, ఇంకొక నాబు తన జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది కూడ ఆ సెట్టుదే," అన్నాడు.

సాయంత్రానికి కిటికీ బయటపడింది. కిటికీ కింద, అన్నిటికంటే అడుగున, తాత బస్తా ఉంది. సంచి ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. వానాకాలం గోడలోంచి దిగిన చెమ్మకు లోపలి ఇనుమంతా తుప్పుపట్టి, ఒకదానికొకటి అతుక్కుని, పెద్ద బండలా అయిపోయింది. బాపు కిరోసిన్ పోసి నానబెట్టాడు. సుత్తితో మెల్లగా తట్టాడు. ఒక బోల్టు తల ఊడి వచ్చింది, మర లోపలే ఉండిపోయింది. ఇంకోటి తడితే పెచ్చులుగా రాలింది. అలా చాలాసేపు తట్టాడు.

తర్వాత సుత్తి పక్కన పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"నాయిన ఊరికాంచి దీన్ని మోసుకొచ్చిండు," అన్నాడు.

"అవును బాపూ."

"ఇందులకెళ్లి ఒక్కటన్న వాడిండా? నేనన్న వాడిన్నా?"

ఆయన ఆ బండ వైపు మళ్లీ చూశాడు.

"ఇది పోనియ్యి," అన్నాడు.

మర్నాడు పాత సామాను బండి వచ్చింది. తుప్పుబండను ఇద్దరు మనుషులు పట్టి ఎత్తారు. బాపు లేచి, బండి మలుపు తిరిగేదాకా గల్లీలో నిలబడ్డాడని పక్కింటామె తర్వాత అమ్మతో చెప్పింది.

దాని తర్వాత పని తీరు మారింది. ఆలోచించే కుప్ప తీసేశాడు. బాగయ్యేదైతే బాగుచేసి ఎవరికైనా ఇచ్చేయడం, కాకపోతే బండికి వేసేయడం. మూడో దారి లేదు. నేను లైబ్రరీ అయ్యాక క్యాంపస్ లోపలి నుంచే నడుచుకుంటూ వెళ్లేదాన్ని. రెండు పాత మోటార్లు కలిపి ఒకటి చేసేవాళ్లం. అది ఎగ్జాస్ట్ ఫ్యానయ్యేది. చుట్టుపక్కల అద్దె గదుల్లో చదువుకునే పిల్లలు చాలామంది. ఎండలు ముదిరి ఉన్నాయి. ఒకడు ఆగిపోయిన కూలర్ తెచ్చాడు, బాపు పంపు మార్చి ఇచ్చాడు. ఆ మర్నాటి నుంచి గుమ్మం ముందు కూలర్లు నిలబడ్డాయి. వచ్చినవాళ్లను బాపు ఖాళీ చేతులతో పంపేవాడు కాదు. "ఈ వైరు తీస్కపో. ఎక్స్‌టెన్షన్ చేసుకో. హోల్డర్ కావాల్నా?" అనేవాడు. గది తరుగుతూ వచ్చింది. బాపు ఈల వేయడం కూడా విన్నాను.

ఆ ఊపులో అమ్మ కోసం ఒక దీపం చేశాడు. పాత మైక్రోస్కోపు స్టాండు అడుగున, మెడ ఎటు కావాలంటే అటు వంగేలా. ఇత్తడి భాగాలను చింతపండుతో తోమాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాన్ని చేతిసంచిలో పెట్టుకుని తార్నాక వచ్చాడు. అమ్మ సోఫాలో కూర్చుని ఉంది. టీపాయ్ మీద పెట్టి, ప్లగ్గు పెట్టి, వెలిగించి చూపించాడు.

"మంచిగున్నది," అంది అమ్మ. "ఏడ పెడ్తవ్?"

"నీ రూముల."

"నేను ఖాళీ రూము అడిగిన. నువ్వు అప్పుడే ఒక సామాను తెచ్చినవ్."

మా ఆయన వంటింట్లోకి వెళ్లిపోయాడు, నవ్వు దాచుకోవడానికి. బాపు దీపాన్ని చూశాడు, అమ్మను చూశాడు. ఆర్పి, వైరు చుట్టి, మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. "నిజమే," అన్నాడు. టీ తాగి, వెళ్లేటప్పుడు పైనున్న కోచింగ్ అమ్మాయిలకు ఇచ్చి వెళ్లాడు.

చివరికి బాగయ్యే సామానే, ఎవరికీ వెంటనే పనికిరానిది, కొంత మిగిలింది. మీటర్లు, మంచి మోటార్లు, పనిముట్ల పెట్టెలు, టంకం సామాను. అన్నను అడిగితే, "నాకేం వద్దు, చెల్లెకు ఇయ్యి," అన్నాడు. మా ఇంట్లో ఆస్తి పంపకం అంతటితో అయిపోయింది. అదే వారం నేను మా రెండో గది కూడా ఖాళీ చేయడం మొదలుపెట్టాను. రెండిళ్ల సామానుకూ ఉన్నది ఒకటే చోటు.

"మావయ్యగారి సామానంతా మన గ్యారేజీలోకేనా?" అని అడిగాడు మా ఆయన.

"అంతా కాదు. బాగయ్యేది మాత్రమే."

"బాగయ్యేదని ఎవరు చెప్పాలి? మీ నాన్నగారా, నువ్వా?"

"ఇద్దరం."

"అయితే అంతా అన్నమాట." షట్టరు వైపు చూశాడు. "సరే. కారు ఎలాగూ కొనేట్టు లేం. కానీ షట్టరు దాటి ఒక్క మేకు కూడా ఇంట్లోకి రాకూడదు."

ఒప్పుకున్నాను. చార్జర్లలో సగం తీసుకెళ్లి ఈ-వేస్టు డబ్బాలో వేశాను. మిగతా సగం వేయలేకపోయాను. ఎందుకంటే చెప్పలేను. మా అమ్మాయి తన గదిలో మంచం ఎక్కడ వేసుకోవాలో గోడలన్నీ కొలుచుకుని, కిటికీ పక్కన వేసుకుంది. మొదటి రోజు తలుపు మూసుకుని పడుకుంది. మాకు కొంచెం వెలితిగా అనిపించింది, తనకు అలాంటిదేమీ లేదు.

అమ్మ కట్టు విప్పి అప్పటికి చాలా రోజులైంది. చెప్పినట్టే, కట్టుకూ ఆమె వెళ్లడానికీ సంబంధం పెట్టుకోలేదు. బాపు గదికి సున్నం వేయించి, గచ్చు కడిగించి, అప్పుడు ఫోన్ చేశాడు. ఈసారి నాకు కాదు, అమ్మకే చేశాడు. "అయిపోయింది. రా," అన్నాడు.

ఆటోలో అమ్మను నేనే తీసుకెళ్లాను. గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. కిటికీలోంచి ఎండ గచ్చు మీద పడుతోంది. సున్నం వాసన ఇంకా ఉంది. కొంగు నడుముకు దోపుకుని, "చీపురు తే," అంది నాతో.

"కడిగిన్రు కదా, శుభ్రంగనే ఉన్నది."

"తే."

చేయి ఇంకా పూర్తిగా తిరగట్లేదు. ఎడమచేత్తోనే ఊడ్చింది. కిటికీ గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ, గుమ్మం దాకా. ఎక్కడా ఆగలేదు. వచ్చిన దుమ్ము చేటలోకి ఎత్తేంత కూడా లేదు. చీపురు మూలన పెట్టబోయి, మళ్లీ ఆలోచించి, బయట పెట్టి వచ్చింది. తర్వాత గది మధ్యలో, ఒట్టి గచ్చు మీద, రెండు చేతులూ చాపి వెల్లకిలా పడుకుంది.

"చాప ఏసుకో," అన్నాడు బాపు గుమ్మంలోంచి.

"వద్దు."

ఆయన అక్కడే గడప మీద కూర్చున్నాడు. నేను ముందు గదిలో టీ పెట్టాను. టీ తెచ్చేసరికి అమ్మ నిద్రపోయింది. బాపు గ్లాసు అందుకుని, ఆమె నిద్ర చెడకుండా, చప్పుడు కాకుండా మెల్లగా తాగాడు.

ఇప్పటికీ ఆ గదిలో ఏమీ లేదు. అమ్మ మధ్యాహ్నాలు అక్కడ పడుకుంటుంది. గల్లీలో ఆడవాళ్లు వస్తే గోడకానుకుని కూర్చుని మాట్లాడుకుంటారు. వెళ్లేటప్పుడు ఎవరైనా సంచి మరిచిపోతే వెంటనే ఫోన్ చేసి పిలిపిస్తుంది.

బాపు వారంలో చాలా రోజులు పొద్దున్నే తార్నాక వచ్చేస్తాడు. షట్టరు ఎత్తుకుని, ఫ్యాను వేసుకుని కూర్చుంటాడు. చూపు తగ్గింది. సన్నటి టంకం పనులు ఆదివారాలకు నాకోసం ఉంచుతాడు. రెసిస్టర్ల మీద వాటి విలువ చెప్పే రంగు గీతలు నేను చదివి చెబితే, "ఎర్ర కాదు, నారింజ అయ్యుంటది, మల్ల చూడు," అంటాడు. చాలాసార్లు ఎర్రే అవుతుంది. ఒకటి లోపలికి వస్తే ఒకటి బయటికి వెళ్లాలని ఇద్దరం ఒక నియమం పెట్టుకున్నాం. దాన్ని నేనూ తప్పుతుంటాను, ఆయనా తప్పుతుంటాడు, ఒకరినొకరం అడగం.

మొన్న బుధవారం నేను లైబ్రరీకి బయల్దేరుతుంటే బాపు ఆటో దిగాడు. చంకలో పేపరులో చుట్టిన బరువైనదేదో ఉంది. దారిలో ఎవరో గోడ పక్కన పెట్టేశారట.

"ఏంది బాపూ అది?"

"చూస్తే తెలుస్తది," అన్నాడు.

పేపరు విప్పితే పాత వాల్వు రేడియో అడుగుభాగం. పైపెట్టె లేదు, స్పీకరు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. లోపల మా ఆయన ఆఫీసుకు తయారవుతున్న చప్పుడు వినబడుతోంది. బస్సుకు ఆలస్యమవుతోందని తెలుసు. హ్యాండ్‌బ్యాగు భుజానికే ఉంచుకుని, గ్యారేజీలో బల్ల మీదున్న డబ్బాలు రెండు పక్కకు జరిపి దానికి చోటు చేశాను.